గేటు మీద అయిదు నంబర్లు, మ్యాపులో ఒక్క చుక్క

మా గేటు పక్క గోడ మీద మొన్నటిదాకా అయిదు నంబర్లుండేవి. నీలం పలక మీద డోరు నంబరు. దాని కింద ఎవరో నల్లరంగుతో రాసి వెళ్లిన ఇంటిపన్ను అసెస్‌మెంట్ నంబరు. మీటరు పెట్టె మీద కరెంటు సర్వీసు నంబరు. చెత్త పట్టుకెళ్లేవాళ్లు స్కాన్ చేసుకునే క్యూఆర్ స్టిక్కరు, అది ఎండకి ఒక మూల లేచిపోయింది. ఇక 2011 జనగణనలో రాసిన అంకె. ఆ తర్వాత రెండుసార్లు రంగులు వేయించినా అడుగునుంచి మసగ్గా కనబడుతూనే ఉంటుంది.

ఆ మధ్య వార్డు సచివాలయం నుంచి ఒకమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చి గేటు ముందు నిలబడింది. "ఎండలో ఎందుకమ్మా, లోపలికి రా" అంది మా అమ్మ. "ఉండండి మామ్మగారూ, ఇంకా 12 మీటర్ల తేడా చూపిస్తోంది. అయిదుకి దిగాక ఫొటో తీసుకుని వెళ్లిపోతాను" అంది ఆ అమ్మాయి. ఫోన్ తెర మీద మా ఇంటి చుట్టూ ఒక నీలం గుండ్రం, మెల్లగా చిన్నదవుతోంది. మా అమ్మ బీపీ మిషను ముందు కూర్చున్నట్టు దానివంకే చూస్తూ "దిగిందా?" అని రెండుసార్లు అడిగింది.

దిగింది. ఫొటో పడింది. మా ఇల్లు మ్యాపులో ఒక చుక్క అయింది. ఆ చుక్కతో ఏం చేస్తారన్నది వీధిలో ఒక్కొక్కరిదీ ఒక్కో అనుమానం. పన్ను పెంచడానికని ఒకరు, రోడ్డు వెడల్పు చేయడానికని ఒకరు, పథకాల్లోంచి పేరు తీసేయడానికని ఇంకొకరు. ఈ మాటల్లో కొంత నిజం ఉంది, కొంత గందరగోళం ఉంది. రెండింటినీ విడదీయాలంటే ఆ మ్యాపు ఎలా తయారవుతుందో చూడాలి.

బొమ్మ వెనకాల ఉన్న రిజిస్టరు

ఆఫీసుల్లో వాడే డిజిటల్ మ్యాపు వ్యవస్థని జీఐఎస్ అంటారు, అంటే భౌగోళిక సమాచార వ్యవస్థ. పేరు బరువుగా ఉన్నా లోపలున్నది మనకు తెలిసిన రిజిస్టరే. వరసలు, గడులు. కాకపోతే ప్రతి వరసలోనూ 'ఇది నేలమీద ఎక్కడుంది' అని చెప్పే గడి ఒకటి అదనంగా ఉంటుంది. ఆ గడిని చదివి కంప్యూటరు బొమ్మ గీస్తుంది. బొమ్మ మీద వేలు పెడితే వెనకున్న వరస బయటికొస్తుంది.

ఆ గడిలో ఉండేవి అక్షాంశం, రేఖాంశం. మా విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేలమీద సుమారు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తర్వాత ఒక్క అంకెతో ఆపేస్తే 11 కిలోమీటర్ల తేడాతో ఊరు మాత్రమే తెలుస్తుంది. మూడు అంకెలు రాస్తే 111 మీటర్లకి దిగుతుంది, అంటే వీధి. అయిదు అంకెలు రాస్తే దాదాపు ఒక మీటరు, అంటే గేటు.

ఇక లేయర్ అనే మాట. పాతకాలం ఇంజినీర్లు రోడ్లు ఒక ట్రేసింగ్ కాగితం మీద, నీటి గొట్టాలు ఇంకో కాగితం మీద గీసి, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురులో చూసేవారు. ఆ కాగితాలే ఇప్పుడు లేయర్లు. అన్నిటికంటే అడుగున పరిచే కాగితం బేస్‌మ్యాప్. కేంద్రం 2015లో మొదలుపెట్టిన అమృత్ పథకం కింద దేశంలో 500 పట్టణాల మాస్టర్ ప్లాన్లకి ఇలాంటి బేస్‌మ్యాపులు గీయాలన్నారు.

మా గేటు మీది నంబర్లు వేర్వేరు రిజిస్టర్లలోవి. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలీదు. పన్ను రిజిస్టర్లో ఇంకా మా తాతగారి పేరుంది. కరెంటు బిల్లు నాన్నగారి పేరుమీద వస్తుంది. చెత్త స్టిక్కరు ఇచ్చిన రోజు ఎవరు ఇంట్లో ఉంటే వాళ్ల పేరు రాసుకున్నారు. పేర్లు పట్టుకుని కలపబోతే మా ఒక్క ఇల్లు మూడిళ్లవుతుంది. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది చోటు ఒక్కటే. ఆ అమ్మాయి ఎండలో నిలబడి పట్టుకున్నది దాన్నే.

కలిపితే ఏం వస్తుందో ఒక ఉదాహరణ. కరెంటు సంస్థ లెక్కలో కమర్షియల్ కనెక్షన్ ఉన్న భవనాలు ఒక లేయర్. మహా విశాఖ నగరపాలక సంస్థ, అంటే మన జీవీఎంసీ లెక్కలో నివాస గృహంగా పన్ను కడుతున్నవి ఇంకో లేయర్. రెండూ ఒకదాని మీద ఒకటి వేస్తే, కింద దుకాణం నడుపుతూ ఇంటిపన్ను మాత్రమే కడుతున్న భవనాలు తేలతాయి. లేదా, ఎప్పుడో మూసేసిన దుకాణానికి పాత మీటరు తీయించుకోని పెద్దాయన ఇల్లు కూడా అదే జాబితాలోకి వస్తుంది. మ్యాపుకి ఈ రెండింటికీ తేడా తెలీదు. ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సిందే.

ఊళ్లు కలిసిన నగరం, కలవని కాగితాలు

విశాఖలో ఈ పని కొంచెం ఎక్కువ చిక్కు. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ, చుట్టుపక్కల 32 గ్రామాలనీ కలిపి జీవీఎంసీ చేశారు. 2013లో అనకాపల్లి, భీమునిపట్నం కూడా చేరాయి. ఇప్పుడు 98 వార్డులు. కలిసిన ప్రతి ఊరూ తన కాగితాలు తాను తెచ్చుకుంది. పట్నంలో డోరు నంబర్లు, పల్లెల్లో సర్వే నంబర్లు.

ఆ సర్వే నంబర్ల వెనక ఉన్నది ఎఫ్ఎంబీ, అంటే పొలం కొలతల పుస్తకం. అందులో కొలతలు గొలుసుల్లో, లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఈ రాయి నుంచి ఆ రాయికి ఎంత దూరమో ఉంటుంది గానీ అక్షాంశం, రేఖాంశం ఉండవు. డ్రోన్ ఫొటో మీద ఈ బొమ్మని పరచాలంటే ఇంకా కదలకుండా ఉన్న పాత రాళ్లు రెండు మూడు దొరకాలి. మధురవాడ వైపు ఆ రాళ్ల మీద అపార్ట్‌మెంట్లు లేచి చాలాకాలమైంది. డ్రోన్ ఎగరేయడం కూడా ఇక్కడ అన్నిచోట్లా కుదరదు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు. నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా కూడా ఇక్కడే ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఏదీ ఎగరకూడదు.

అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. దేవస్థానానికీ, అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లకీ మధ్య నలుగుతున్న ఈ సింహాచలం పంచగ్రామాల భూసమస్య గురించి విశాఖలో చెప్పక్కర్లేదు. అక్కడ ఒకే చోటికి ఒక లేయర్ దేవస్థానం భూమి అంటుంది, ఇంకోటి ఇల్లుందని చూపిస్తుంది, మూడోది ఆ ఇంటికి పన్ను వస్తోందని చెబుతుంది. మూడూ తప్పు కాదు. పన్ను లేయర్లో పేరున్నంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదన్న సంగతి చాలామంది మరిచిపోతారు. మ్యాపు తగాదా తీర్చదు, తగాదా ఎక్కడుందో గజాలతో సహా చూపిస్తుంది.

పైనుంచి చూసిన ఇల్లు, కిందనుంచి కొలిచిన ఇల్లు

జనానికి ఎక్కువ టెన్షన్ పెట్టేది పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తిపన్ను పద్ధతి మారింది. అంతకుముందు ఇంటికి ఏటా ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీద వేసేవారు. ఇప్పుడు స్థలం, కట్టడం రెండింటి విలువ కట్టి, అందులో కొంత శాతం తీసుకుంటారు. నివాసాలకి 0.10 నుంచి 0.50 శాతం మధ్య, మిగతా వాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య ఎంతన్నది స్థానిక సంస్థ నిర్ణయిస్తుంది. ఈ పద్ధతిలో కట్టడం విస్తీర్ణం ఒక్కటి తప్పితే లెక్కంతా తప్పుతుంది. అందుకే ఆ విస్తీర్ణాన్ని పైనుంచి కొలిస్తే ఏమవుతుందో కాస్త నిదానంగా చూడాలి.

ఒక ఇల్లు తీసుకుందాం. గోడల బయటి అంచుల మధ్య 30 అడుగులు, 40 అడుగులు. విస్తీర్ణం 1,200 చదరపు అడుగులు. నాలుగు వైపులా రెండేసి అడుగుల సన్‌షేడ్ ఉంది, సముద్రం వాన ఏటవాలుగా కొట్టే ఊళ్లో అది లేకుండా ఎవరూ కట్టరు. డ్రోన్‌కి గోడ కనపడదు, పైకప్పు కనపడుతుంది. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు ఆ అంచు వెంబడే గీత గీస్తాడు. 34, 44. విస్తీర్ణం 1,496. అంటే 296 చదరపు అడుగులు ఎక్కువ, దాదాపు నాలుగోవంతు. ఇందులో ఎవరి మోసమూ లేదు. ఒకరు పైనుంచి చూశారు, ఒకరు కింద నుంచి కొలిచారు, అంతే.

ఇప్పుడు దీన్నే ఉపగ్రహం ఫొటోలో చూద్దాం. మంచి ఫొటోలో ఒక పిక్సెల్, అంటే బొమ్మలోని అతి చిన్న గడి, 30 సెంటీమీటర్లు. సుమారుగా ఒక అడుగు. సన్‌షేడ్ సంగతి పక్కన పెట్టి, గీత గీసేవాడి చెయ్యి ప్రతి వైపూ ఒక్క గడి లోపలికి జరిగిందనుకుంటే ఇల్లు 28కి 38 అవుతుంది, 1,064. బయటికి జరిగితే 32కి 42, 1,344. చెయ్యి ఒక్క గడి అటూ ఇటూ అయితే 280 చదరపు అడుగుల తేడా. పక్కన కొబ్బరిచెట్టు ఉంటే ఇల్లు చిన్నదవుతుంది. పోర్టికో మీద రేకులు వేసుకుంటే పెద్దదవుతుంది. అయిదంతస్తుల భవనం ఫొటోలో కాస్త పక్కకి వాలినట్టు పడితే పక్కింటి స్థలంలోకి ఒరుగుతుంది. పైనుంచి తీసిన ఒక్క ఫొటో చూసి ఎన్ని అంతస్తులో చెప్పడం కూడా కష్టమే.

మరి ఎందుకు వాడతారు? దీనికి గట్టి సమాధానమే ఉంది. రిజిస్టర్లో ఒక అంతస్తు అని ఉండి, నేలమీద మూడు అంతస్తులున్న ఇళ్లు ఏ నగరంలోనైనా ఉంటాయి. ఇల్లిల్లూ టేపు పట్టుకుని తిరగడానికి మనుషులు చాలరు. తిరిగినా, కొలిచేవాడికీ ఇంటాయనకీ మధ్య ఏం జరుగుతుందో మనకు తెలీని సంగతి కాదు. ఫొటోకి మొహమాటం లేదు. నిజాయితీగా కట్టేవాడి మీద భారం తగ్గాలంటే ఎగ్గొట్టేవాడు దొరకాలి కదా అంటారు రెవెన్యూ విభాగాల్లో పనిచేసినవాళ్లు.

ఇంటివాళ్ల వాదనా తీసిపారేసేది కాదు. అనుమానం వచ్చిన ఇల్లు ఏదో చెప్పడం వరకూ మ్యాపు పని. కానీ నోటీసు చేతికొచ్చేసరికి ఆ అనుమానం అంకెగా మారిపోతుంది. తప్పని నిరూపించుకునే భారం ఇంటివాళ్ల మీద పడుతుంది. మూడుసార్లు ఆఫీసుకి తిరగడానికి ఆటో డబ్బులు, పని దినాలు ఎవరివి? నాకైతే ఫొటోతో వెతికి, టేపుతో తేల్చి, ఆ తర్వాతే పన్ను వేయడం సబబనిపిస్తుంది. సన్‌షేడ్ ఎన్ని అడుగులు మినహాయించారో నోటీసు మీదే రాస్తే సగం గొడవలు గేటు దగ్గరే ఆగిపోతాయి.

ఎన్ని అడుగుల తేడా పర్వాలేదు

ఫోన్లోని జీపీఎస్ ఆరుబయట మూడు నుంచి అయిదు మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. అక్కయ్యపాలెం సందుల్లో, రెండువైపులా మేడలుంటే, ఇంకా ఎక్కువ తప్పుతుంది. ఇది మంచిదా చెడ్డదా అన్నది పనిని బట్టి ఉంటుంది.

వీధిదీపం వెలగడం లేదని ఫిర్యాదు పెట్టారనుకోండి. స్తంభానికీ స్తంభానికీ మధ్య 25, 30 మీటర్లుంటాయి. అయిదు మీటర్లు అటూ ఇటూ అయినా ఏ స్తంభమో తెలుస్తుంది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో 90 వేలకు పైగా వీధిదీపాలు ఎల్ఈడీకి మార్చారు. అన్ని దీపాల్లో ఏది ఆరిపోయిందో తెలియాలంటే స్తంభానికో నంబరు, ఆ నంబరుకో చోటు ఉంటే చాలు. ఒకటే తంటా: చాలామంది రాత్రి ఆ దీపం కింద ఫొటో తీయకుండా, ఇంటికెళ్లి భోంచేశాక ఫిర్యాదు పెడతారు. చుక్క ఇంటి దగ్గర పడుతుంది. లైన్‌మ్యాన్ వచ్చి, వెలుగుతున్న దీపం చూసి, సమస్య లేదని మూసేసి పోతాడు.

అదే భూమిలోపల పైపు అయితే అయిదు మీటర్లు పనికిరావు. తాగునీటి పైపు, మురుగు పైపు, కేబులు ఒకే రోడ్డు కింద మీటరు దూరంలో నడుస్తుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయి ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో నగరంలో చాలాచోట్ల తీగల్ని భూమిలోకి దించారు. గాలివానకి అది మంచి ఉపాయం. కానీ పైనున్న తీగ కంటికి కనబడేది, ఇప్పుడు కనబడదు. గునపం వేసేవాడికి మ్యాపే కన్ను. సెంటీమీటర్ల లెక్కలో చోటు పట్టుకునే పరికరాలున్నాయి. భారత సర్వే విభాగం నడిపే కార్స్ అనే స్థిర స్టేషన్లు సవరణలు పంపితే వాటితో అంత కచ్చితంగా కొలవచ్చు. అయితే గొట్టం వేసిన రోజునే, గొయ్యి పూడ్చకముందే కొలవాలి. పూడ్చేశాక ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా అంచనాయే.

తీరం వెంబడి సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత నియంత్రణ మండలం మ్యాపులది ఇంకో కథ. సముద్రం పోటు రేఖ నుంచి ఎంత దూరం వరకు ఏం కట్టకూడదో చెప్పే ఈ మ్యాపులు స్థానిక స్థాయిలో 1:4,000 కొలతలో ఉంటాయి. కాగితం మీద ఒక మిల్లీమీటరు నేలమీద నాలుగు మీటర్లు. గీత మందం అర మిల్లీమీటరైతే ఆ గీతే రెండు మీటర్లు ఆక్రమిస్తుంది. గది గీతకి ఇవతలుందా అవతలుందా అని వాదించుకునేటప్పుడు, కొన్నిసార్లు ఆ గది గీతలోపలే ఉండవచ్చు.

మదుం కనపడని మ్యాపు

వాన విషయంలో మ్యాపు నిజంగా అక్కరకొస్తుంది. విశాఖ ఒక గిన్నెలాంటిది. ఉత్తరాన సింహాచలం కొండలు, కంబాలకొండ. దక్షిణాన యారాడ కొండ. మధ్యలో ఊరు. కొండ మీద పడ్డ నీళ్లు ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ లాంటి గెడ్డల్లోంచి, అంటే వాగుల్లోంచి, హార్బరులోకో సముద్రంలోకో పోవాలి.

చదరపు కిలోమీటరు వాలు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 కోట్ల లీటర్లు. చెట్లున్న కొండ అందులో చాలా భాగం పట్టి ఉంచుతుంది. అదే వాలు సిమెంటుతో నిండిపోయి నూటికి 80 వంతులు జారిపోయిందనుకుంటే 4 కోట్ల లీటర్లు కిందికి దిగుతాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే 8 వేలు. ఎత్తుపల్లాల లేయర్, ఇళ్ల లేయర్, గెడ్డల లేయర్ కలిపితే ఈ నీళ్లు ఏ మలుపులో ఆగుతాయో వాన రాకముందే చెప్పవచ్చు. మోటారు ఎక్కడ పెట్టాలో, ఏ గెడ్డలో ముందు పూడిక తీయాలో తేల్చుకోవచ్చు.

అయితే ఇస్రో భువన్ పోర్టల్లో ఉచితంగా దొరికే ఎత్తుల మ్యాపులో ఒక్కో గడి 30 మీటర్లు. నాలుగు మీటర్ల గెడ్డ అందులో కనపడనే కనపడదు. డ్రోన్‌తో కొలిస్తే గెడ్డ కనపడుతుంది గానీ ఇంకో చిక్కొస్తుంది. రోడ్డు గట్టు పైనుంచి ఆనకట్టలా కనిపిస్తుంది. దాని కింద నీళ్లు దూరే తూము పైనుంచి కనపడదు. కంప్యూటరు నీళ్లని గట్టుకి ఇవతలే నిలబెట్టేసి, లేని ముంపు చూపిస్తుంది. ఆ తూముని మనవైపు మదుం అంటారు. వానొస్తే మునిగే చావులమదుం పేరులోనే అది ఉంది. ఏ మదుం తెరిచుందో, ఏది ప్లాస్టిక్‌తో పూడిపోయిందో పక్కనున్న టీకొట్టు ఆయనకి తెలిసినంతగా ఏ ఉపగ్రహానికీ తెలీదు. ఆయన చెప్పింది లేయర్లో ఎక్కించే ఏర్పాటున్న చోట మ్యాపు బాగా పనిచేస్తుంది.

చుక్క పడితే కుళాయి వస్తుందా, నోటీసు వస్తుందా

కొండవాలు కాలనీల్లో ఇది పెద్ద ప్రశ్న. మ్యాపులో లేని ఇంటికి నీటి పైపు లెక్కలో వాటా ఉండదు, చెత్తబండి దారిలో పేరుండదు. అలాగని మ్యాపులో పడ్డ ఇల్లు పోరంబోకులోనో, గెడ్డ గట్టునో, కొండచరియ జారే వాలులోనో ఉందని కూడా అదే మ్యాపు చెబుతుంది. పక్కనున్న ఒడిశా 2017లో చట్టం చేసి, గంజాం, పూరీ ప్రాంతాల నుంచి మొదలుపెట్టి మురికివాడల్ని డ్రోన్లతో కొలిచి, అక్కడున్నవాళ్లకి భూమి హక్కు పత్రాలిచ్చింది. డ్రోన్ ఎక్కడైనా అదే డ్రోన్. ముందు హక్కు చట్టం చేసి తర్వాత కొలవడం వల్ల అక్కడ జనం తలుపులు తీశారు. ఆ హామీ లేనిచోట ఫోన్ పట్టుకుని ఎవరొచ్చినా గడియ పెట్టుకోవడం సహజం.

గోప్యత సంగతి కూడా ఉంది. ఇంటి ఫొటో, చోటు, పన్ను బకాయి, కరెంటు వాడకం విడివిడిగా చూస్తే చిన్న విషయాలే. ఒక్క చుక్క కింద అన్నీ పేర్చితే ఆ ఇంట్లో ఎవరుంటారో, ఎప్పుడు ఉండరో చెప్పేయవచ్చు. ఫలానా రోడ్డు ఎవరు వేశారు, గెడ్డ హద్దు ఎంత లాంటి లేయర్లు జనం ముందు పెట్టాలనేవాళ్లూ, ఏదీ బయట పెట్టకూడదనేవాళ్లూ ఒకే మ్యాపు గురించి మాట్లాడుతున్నారు గానీ ఒకే లేయరు గురించి కాదు. రోడ్డు లేయరు దాచడానికి కారణం నాకు కనపడదు. ఇంటి లేయరు పరిచి పెట్టడానికీ కనపడదు.

చుక్కని ఎవరు జరపాలి

కొన్నేళ్ల కిందట వేరే ఏదో సర్వేలో మా ఇంటి చుక్క పక్క సందులో పడింది. ఏ శాఖో ఎందుకులే. రెండేళ్లపాటు మా నోటీసులు పక్క సందులో శంకరం మావయ్య ఇంటికి వెళ్లేవి, ఆయన సాయంత్రం వాకింగ్‌లో తెచ్చిచ్చేవాడు. సరిచేయమని అడిగితే, ఆ మ్యాపు చేసిన ఏజెన్సీ కాంట్రాక్టు అయిపోయిందన్నారు. చుక్క పెట్టడానికి టెండరు ఉంది, జరపడానికి లేదు.

మ్యాపుల ఖర్చంతా మొదటిరోజునే ఉంటుందని అనుకోవడం మామూలే. కానీ ఇళ్లు పడగొడతారు, కడతారు, పంచుకుంటారు. కొత్త ప్లాను అనుమతి ఇచ్చిన రోజునే ఇంటి గీత మారాలి, కుళాయి ఇచ్చిన రోజునే గొట్టం గీత పొడుగవ్వాలి. ఆ పని వార్డులో రోజూ తిరిగేవాళ్ల చేతిలో ఉంటేనే అవుతుంది. ఆ రోజు వచ్చిన అమ్మాయికి చుక్క పెట్టే బటన్ ఉంది. జరిపే బటన్ ఉందా అని అడిగాను. "పైవాళ్లకి రిక్వెస్ట్ పెట్టాలండి, వాళ్లు అప్రూవ్ చేస్తే మారుతుంది" అంది.

ఫొటో తీశాక గోడవంక చూసి, "ఇక్కడ ఖాళీ ఉందా మామ్మగారూ?" అని అడిగి, బ్యాగులోంచి మార్కర్ తీసి జనగణన అంకె పక్కన ఇంకో నంబరు రాసింది. ఇప్పుడు ఆరు.